దీపాలదిన్నె పుస్తకమైపోయిన కథ

విధికుడు చర్మకారుడు. తోలు పని చేసుకుని బతికినవాడు. ఇంచుమించు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున ధాన్యకటకంలో, అంటే ఇవాళ్టి ధరణికోట, అమరావతి ఉన్నచోట, అతను మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపానికి, ఒక రాతిపలక దానమిచ్చాడు. దాని మీద పూర్ణఘటం చెక్కించాడు. ప్రాకృతంలో తన పేరు రాయించాడు. తన ఒక్కడి పేరుతో సరిపెట్టుకోలేదు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు, అందరినీ ఆ పుణ్యంలో వాటాదారులను చేశాడు.

హంఘుడనే సుగంధద్రవ్యాల వర్తకుడు మరో రాయి ఇచ్చాడు. భిక్షుణులు ఇచ్చారు, గృహస్థులు ఇచ్చారు, వాళ్ల ఇల్లాళ్లు విడిగా తమ పేర్లతో ఇచ్చారు. అమరావతి శాసనాలు తిరగేస్తుంటే రాజుల పేర్ల కోసం వెతుక్కోవలసి వస్తుంది. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు ఒకచోట తగులుతుంది గాని, అదీ ఏ రాజు ఏలుబడిలో దానం జరిగిందో చెప్పడానికే. రాజు కట్టించిన గుళ్లు మనకు కావలసినన్ని ఉన్నాయి. ఇది జనం చందాలతో తరాల తరబడి కట్టుకున్నది.

ఆ చందాలకు డబ్బు ఎక్కడిదంటే, కొంత పొలంలోదీ, కొంత ఓడలమీదిదీ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిపెట్టిన సముద్రయాన గ్రంథంలో ఈ తీరం పేరు మసాలియా. ఇక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని అందులో ఉంది. గుంటూరు నుంచి తాడికొండ మీదుగా అమరావతి వెళ్లే దారిలో నల్లరేగడిలో ఇప్పుడు పత్తీ మిరపా పోటీపడుతుంటాయి. మిరప ఆనాటికి సముద్రం దాటి రాలేదు. పత్తి మాత్రం అప్పటిదే.

చైత్యం మొదలైంది క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం ప్రాంతంలో. శాతవాహనుల కాలంలో పెరిగి నిండు రూపానికి వచ్చింది. గుమ్మటం అడుగున అడ్డుకొలత 160 అడుగుల దాకా ఉండేది. దాని చుట్టూ జనం ప్రదక్షిణ చేసే బాట. బాట చుట్టూ రాతి ప్రాకారం, అడ్డంగా కొలిస్తే 190 అడుగులు. నాలుగు దిక్కులా ముందుకు చొచ్చుకొచ్చిన ఆయక వేదికలు, ఒక్కొక్క దానిమీద ఐదేసి స్తంభాలు. లోపలంతా ఇటుక, పైకి కనిపించేదంతా పల్నాటి సున్నపురాయి. కొంచెం ఆకుపచ్చ కలిసిన తెలుపు. తెల్లదొరలు దాన్ని పాలరాయి అనుకున్నారు, అందుకే వాళ్ల పుస్తకాల్లో అదే పేరు పడిపోయింది. ఆ రాతిమీద సిద్ధార్థుడి పుట్టుక, ఇల్లు విడిచిపెట్టడం, మదపుటేనుగు నలగిరి వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వచ్చి బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లడం. ఆ ఏనుగు శిల్పం ఒక్కటి చాలు. ఒకే చట్రంలో ఒక పక్క భయంతో పరుగులు తీసే జనం, మేడమీది కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్లు, రెండో పక్క వంగిన ఏనుగు. ఒకే ఏనుగును రెండుసార్లు చెక్కి కథను నడిపించారు.

ఈ కట్టడం ఒక్క రోజున కూలలేదు. ముందు భిక్షువులు తగ్గారు. క్రీ.శ. 640 ప్రాంతంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ వచ్చి కొన్ని నెలలు ఇక్కడే ఉండి అభిధర్మం చదువుకున్నాడు. ఆరామాలు చాలా ఉన్నాయి గాని ఎక్కువ భాగం పాడుపడ్డాయని, ఇరవై దాకా మాత్రం నడుస్తున్నాయని, వెయ్యిమంది భిక్షువులున్నారని రాశాడు. పాడుపడటం ఆనాటికే మొదలైందన్నమాట. అయినా దీపం అంత తేలిగ్గా ఆరలేదు. 1182లో కోట కేతరాజు బుద్ధుడికి గ్రామాలూ అఖండ దీపాలూ ఇచ్చినట్టు శాసనం ఉంది. ఆ శాసనం ఉన్నది అమరేశ్వరుడి గుళ్లో! శివుడి గుడి స్తంభం మీద బుద్ధుడి దీపాల లెక్క. 1234లోనూ మరో దీపదానం జరిగింది. 1344లో సింహళ దేశంలో గడలాదెణియ కొండరాతి మీద చెక్కిన శాసనంలో, ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకంలో బుద్ధ ప్రతిమాగృహాన్ని బాగు చేయించాడని కనిపిస్తుంది. సముద్రం అవతలి నుంచి మనిషి వచ్చి మరమ్మతు చేయించే పరిస్థితి వచ్చిందంటే, ఇవతల చేయించేవాళ్లు లేరనే కదా.

ఆ తర్వాత నాలుగు వందల యాభై ఏళ్లు ఇది మట్టిదిబ్బ. చుట్టుపక్కల జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు. గడ్డి మొలిచింది, గొర్రెలు మేశాయి. లోపల ఏముందో ఎవరికీ పట్టలేదు. ఆ పట్టకపోవడమే దాన్ని కాపాడింది కూడా.

కథను ఇక్కడ కాసేపు ఆపాలి. భక్తులు పోయినంత మాత్రాన ప్రార్థనాస్థలం పోనక్కర్లేదు. ఇదే పల్నాడులో నెకరికల్లు దగ్గర చేజర్ల ఉంది. అక్కడి కపోతేశ్వరాలయం వెనకభాగం అర్ధచంద్రాకారం, పైకప్పు గజపృష్ఠం. అది మొదట బౌద్ధ చైత్యగృహమేనని పరిశోధకులు తేల్చారు. లోపలికి లింగం వచ్చింది, పావురం కోసం తన ఒంటి మాంసం కోసిచ్చిన శిబి చక్రవర్తి స్థలపురాణమయ్యాడు. శిబి బౌద్ధుల జాతక కథల్లోనూ ఉన్నవాడే. కాపురస్తులు మారారు, ఇల్లు నిలిచింది. ఈ గడ్డమీద అంత పాత చైత్యగృహం గోడలతో కప్పుతో ఇవాళ మనకు మిగలడానికి కారణం ఆ మార్పిడే. అన్యాయం అనేవాళ్లు ఉంటారు. నేను మాత్రం అది అదృష్టం అంటాను.

దూరంగా ఇంగ్లండులోనూ అంతే. ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ పీటర్ ఇన్ ది ఈస్ట్ అని పన్నెండో శతాబ్దపు చర్చి ఉంది. ప్రార్థనకు వచ్చేవాళ్లు లేక మూతపడితే పక్కనున్న సెయింట్ ఎడ్మండ్ హాల్ కాలేజీ తీసుకుని 1970లో గ్రంథాలయం చేసింది. బయట సమాధిరాళ్లు అలాగే ఉంటాయి, వాటి మధ్య గడ్డిలో కూర్చుని పిల్లలు పరీక్షలకు చదువుకుంటారు. అదే ఊళ్లో ఆల్ సెయింట్స్ చర్చి 1975లో లింకన్ కాలేజీ గ్రంథాలయంగా మారింది. గోడ అదే, శిఖరం అదే. పాటలుండే చోట పుస్తకాలు వచ్చాయి. ప్రార్థనాస్థలం గ్రంథాలయం కావడానికి అది ఒక పద్ధతి.

మన మహాచైత్యం కూడా గ్రంథాలయానికే చేరింది. వేరే పద్ధతిలో.

1790లలో చింతపల్లి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఈస్టిండియా కుంపణీ అధికారులతో పడక, పాత కోట వదిలి కృష్ణ ఒడ్డునే అమరేశ్వరుడి గుడి పక్కన కొత్త పట్నం కట్టడం మొదలుపెట్టాడు. వీధులు, బజారు, మేడలు. ఇటుకలు కావాలి. దగ్గర్లో దీపాలదిన్నె ఉంది. తవ్వితే అడుగడుగు పొడవున్న పాత ఇటుకలు, అందులోనూ ఉచితం. ఇటుకల వెంట బొమ్మలున్న రాళ్లు బయటపడ్డాయి. కొన్ని గుళ్లకు వెళ్లాయి, కొన్ని మెట్లయ్యాయి. మసీదుకు వెళ్లినవాటి మీది బొమ్మలు గీకేశారు. మరికొన్నింటిని కాల్చి సున్నం చేశారు. పల్నాటి సున్నపురాయి కదా, మంచి సున్నం వస్తుంది. నిధి దొరుకుతుందన్న ఆశ కూడా ఉండేదంటారు.

రాజాగారిని తిట్టుకోవడం సులువు. కాని ఆయన విధ్వంసకుడు కాడు. మంగళగిరిలో పదకొండు అంతస్తుల గాలిగోపురం కట్టించినవాడు. అది ఇవాళ్టికీ పది మైళ్ల దూరం నుంచి కనిపిస్తుంది. గుంటూరు సీమలో ఎన్ని గుళ్లకు ధ్వజస్తంభాలు, మాన్యాలు ఇచ్చాడో లెక్కలేదు. అమరావతి ఊరిని మనకిచ్చిందీ ఆయనే. సత్యం శంకరమంచి కథల్లో మనం ప్రేమించే ఆ గుడి, ఆ వీధులు, ఆ రేవు ఆయన కట్టుకున్న పట్నంలోవే. ఆయనకు ఆ దిన్నె ఎవరిదో తెలియదు. తెలిసినవాడు ఈ నేలమీద ఒక్కడూ మిగల్లేదు. తెలియనితనానికి శిక్ష వేయలేం. తెలిసినవాళ్ల సంగతి వేరు, వాళ్లింకా రాబోతున్నారు.

మొదట వచ్చినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండు వాయవ్యాన లూయిస్ దీవిలో పుట్టిన సైనిక ఇంజనీరు. 1797లో ఈ తవ్వకాల కబురు విని వచ్చి చూశాడు. అప్పటికి దిన్నె చాలావరకు నిలిచే ఉంది. ప్రాకారం రాళ్లు కొన్ని వాటి చోట వాటివి ఉన్నాయి. ఆయనకు తీరిక లేదు, చేతిలో మనుషులు లేరు. చూసినదాన్ని రాసుకుని వెళ్లిపోయాడు. తర్వాత మైసూరు యుద్ధం, మైసూరు సర్వే, జావా. మళ్లీ రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

1816 మార్చిలో, భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ హోదాలో, చిత్రకారుల బృందంతో వచ్చేసరికి దిన్నె నడుమ గొయ్యి ఉంది. రాజావారు దాన్ని కోనేరు చేయమన్నారు. మహాచైత్యం గుండెకాయ ఉండవలసిన చోట నీళ్లు నిలవాలని గొయ్యి. అదే ఏడు వేంకటాద్రి నాయుడు కన్నుమూశాడు.

మెకంజీకి ఆపడం చేతకాలేదో, ఆపాలని తోచలేదో, గీయించడం మాత్రం తోచింది. హామిల్టన్, న్యూమన్, ఆండర్సన్, మురుగేశ మొదలియార్ వంటి చిత్రకారులు ఎండలో కూర్చుని ఒక్కొక్క పలకనూ కొలిచి గీశారు. చెక్కడం ఎక్కడ విరిగిందో అక్కడ గీత ఆపేశారు, ఊహించి నింపలేదు. నూట ముప్ఫై దాకా రాళ్లను లెక్కపెట్టి, ఏది ఎక్కడ ఉందో పటం వేశారు. మూడేళ్ల పాటు సాగిన ఆ పనిలో 85 చిత్రాలు తయారై ఒక సంపుటమయ్యాయి. ఈ పని వెనక మెకంజీ ఒక్కడే లేడు. ఆయనకు ఈ దేశం చదవడం నేర్పినవాళ్లు మన ఏలూరు కుర్రాళ్లు, కావలి సోదరులు. పెద్దవాడు బొర్రయ్య 1803లోనే పోయాడు. లక్ష్మయ్య, రామస్వామి మిగిలారు. వాళ్లూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకొచ్చిన కైఫియత్తులు లేకపోతే గుంటూరు సీమ పల్లెల చరిత్రలో సగం మనకు తెలిసేది కాదు. 1821లో మెకంజీ చనిపోయాక ఆ కాగితాలన్నీ కుంపణీ లక్ష రూపాయలకు ఆయన భార్య దగ్గర కొనుక్కుంది. తెలుగు కాగితాలు చాలావరకు మద్రాసు చేరాయి, సి.పి. బ్రౌన్ వాటిలో శిథిలమవుతున్నవాటికి నకళ్లు రాయించాడు. బొమ్మల సంపుటం లండన్ దారి పట్టింది.

రాళ్ల ప్రయాణం అంత సాఫీగా సాగలేదు. కొన్నింటిని మెకంజీ కలకత్తాకు పంపించాడు. 1830ల్లో బందరు అసిస్టెంట్ కలెక్టరు రాబర్ట్‌సన్ తను కట్టించే కొత్త బజారుకు అందంగా ఉంటాయని ముప్ఫైకి పైగా పలకలు బళ్లమీద ఎత్తుకుపోయాడు. బందరు ఉప్పుగాలిలో బుద్ధుడు బజారు అలంకారమయ్యాడు. 1845లో గుంటూరు కమిషనరు వాల్టర్ ఎలియట్ తవ్వించాడు. ఎలియట్ చదువుకున్నవాడు, నాణేల మీద, శాసనాల మీద ప్రేమ ఉన్నవాడు. ఆయన బయటికి తీసిన శిల్పాలను మద్రాసు పంపితే అక్కడి కాలేజీ ముందు పచ్చికలో ఏళ్ల తరబడి ఎండకు ఎండాయి, వానకు తడిశాయి. 1859లో వాటిలో 121 ఓడెక్కాయి.

లండన్‌లో వాటిని దించుకునేవాడు లేడు. తిరుగుబాటు జరిగి కుంపణీయే రద్దయిపోయింది. పంపించమన్న యజమాని చచ్చాక వచ్చిన సరుకు అది. థేమ్స్ నది ఒడ్డున బీల్స్ వార్ఫ్ అనే గిడ్డంగిలో పడేశారు. ఆ తర్వాత ఫైఫ్ హౌస్ అనే భవనంలో గుర్రపుబళ్లు పెట్టే కొట్టంలో. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే వాస్తు చరిత్రకారుడు పారిస్ ప్రదర్శనకు మన దేశపు కట్టడాల ఫొటోలు కూర్చే పనిలో ఉండి, ఆ కొట్టంలో ఆ రాళ్లను చూశాడు. మరుసటి ఏడు ఆయన అచ్చువేసిన పెద్ద పుస్తకంతో అమరావతి పేరు యూరప్ అంతా తెలిసింది. 1880లో శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంకు మారాయి. అక్కడా కొన్నాళ్లు మెట్ల పక్క గోడకు, తర్వాత దశాబ్దాలు నేలమాళిగలో. విడిగా ఒక గాజుగది వాటికి దొరికింది 1992లో.

ఇంతవరకు పోయినవి పోగా దిన్నె అడుగున ఇంకా కొంత మిగిలే ఉంది. అసలు విషాదం దాన్ని గురించి.

1877లో రాబర్ట్ స్యూయెల్ ఒక మూల తవ్వి చూశాడు. పలకలు నిలువునా వాటి చోట వాటివి దొరికాయి. అంటే ప్రాకారం పునాది వరస ఇంకా చెదరలేదు. జాగ్రత్తగా తీస్తే ఏ స్తంభం పక్కన ఏ పలకో, ఏ గుమ్మానికి ఏ సింహమో తెలిసేది. మూడేళ్లకు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు వచ్చి చూసి, మొత్తం శుభ్రంగా తవ్వి తీసేయమని ఉత్తరువు వేశాడు. ప్రకాశం తీరం వెంట పోయే బకింగ్‌హాం కాలువ ఆయన పేరిటిదే. ధాత కరువులో కూలిపని కోసం ఆ కాలువ తవ్వించారు, దాంతో కొన్ని ప్రాణాలు నిలిచాయి. కాలువ తవ్వించిన అలవాటుతోనే చైత్యాన్నీ తవ్వించాడనిపిస్తుంది. దగ్గర పురాతత్వం తెలిసినవాడు ఒక్కడూ లేడు. గీసినవాడు లేడు, కొలిచినవాడు లేడు. పెళ్లయ్యాక పందిరి విప్పినట్టు విప్పేశారు.

1881 చివర పురాతత్వ సర్వే తరఫున జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ పెద్ద గొయ్యి, గట్టుమీద చిందరవందరగా రాళ్లు. ఏది ఏ దిక్కుదో ఆయనకూ అర్థం కాలేదు. ఆయన కోప్పడ్డాడు. కోప్పడి, మంచి మంచి పలకలను ఏరి మద్రాసు మ్యూజియంకు పంపే ఏర్పాటు చేశాడు. ఆ సమయంలో ఒకే ఒక్కడు అడ్డం తిరిగాడు. ప్రాచీన కట్టడాల సంరక్షకుడిగా ఉన్న కోల్ అనే సైనికాధికారి. రాళ్లను ఊరు కదిలించవద్దు, అక్కడే నిలబెట్టండి, మ్యూజియంలకు కావాలంటే అచ్చులు పోసుకుని పంపండి అన్నాడు. ఈ కథలో చేతికి దక్కిన చివరి అవకాశం అదే. మద్రాసు ప్రభుత్వం వినలేదు. ఎగ్మూరులోని ఆ మ్యూజియంలో పలకలను గోడలకు సిమెంటుతో అతికించారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ రెండుసార్లు తవ్వి మిగిలినవి మిగిలినట్టు తీశాడు, ఆ తర్వాత మన పురాతత్వ శాఖ తవ్వకాల్లో పునాదుల వయసు తేలింది.

కాబట్టి నా లెక్క ఇది. రాజాగారు ఇటుకల కోసం తవ్వారు, అది సగం నష్టం. మిగతా సగం చేసింది మాత్రం ఆ శిల్పాల విలువ తెలిసినవాళ్లు, వాటి గురించి పుస్తకాలు రాసినవాళ్లు, వాటిని కాపాడుతున్నామని నమ్మినవాళ్లు. ప్రేమతో చేసిన పనే కావచ్చు. కాని విధికుడు రాయి ఇచ్చింది బుద్ధుడి చుట్టూ ఒక బాట వెంట నిలవడానికి. పక్క రాయి ఎవరిదో చూసుకుని మరీ ఇచ్చి ఉంటాడు. ఆ వరస పోయాక మిగిలేవి విడివిడి అందాలు. కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో, కొన్ని కోల్‌కతాలో, ఢిల్లీలో, పారిస్ గిమే మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే చిన్న మ్యూజియంలో. ఏ ఒక్కచోట నిలబడ్డా చైత్యం కనిపించదు.

అమరావతికి ఒక్కదానికే ఇలా జరగలేదు. భట్టిప్రోలు స్తూపం రాళ్లు వెల్లటూరు దగ్గర కృష్ణ కాలువ తూముకు వాడారు, ఇటుకలు రోడ్డుకింద పరిచారు. ఆ తర్వాత 1892లో రీ తవ్వితే బుద్ధ ధాతువుల భరిణెలు, వాటి మీద మన దేశంలోనే అతి పాత లిపుల్లో ఒకటి బయటపడ్డాయి. గుడివాడలో ఉన్నదీ రోడ్డుకే పోయింది. కృష్ణ డెల్టాకు నీళ్లిచ్చిన ఆనకట్ట కాలమే అది. మనం తిన్న అన్నంలో ఆ స్తూపాల పాలు కొంత ఉంది.

చైత్యం ఇప్పుడు ఉన్నదెక్కడ అని ఎవరైనా అడిగితే, అమరావతి పొమ్మనడానికి నోరు రాదు. అక్కడ గుండ్రటి ఇటుక పీఠం, దానిమీద గడ్డి, చుట్టూ నిలబెట్టిన కొన్ని బోసి పలకలు. చూసినవాళ్లు ఇంతేనా అని అమరేశ్వరుడి గుడికి వెళ్లిపోతారు. 2006 జనవరిలో దలైలామా వచ్చి ఇక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు టిబెట్ నుంచి, లడఖ్ నుంచి లక్షమందికి పైగా వచ్చారు. బుద్ధుడు కాలచక్రం ఈ ధాన్యకటకంలోనే బోధించాడని వాళ్ల నమ్మకం. వాళ్లు ఆ గడ్డిపీఠం చుట్టూనే ప్రదక్షిణ చేశారు. వాళ్లకు అది చాలింది.

ఏ రాయి ఏ రాయి పక్కన దొరికిందో, పలక మీద బొమ్మ చెదరకముందు ఎలా ఉందో చూడాలంటే ఉన్న ఒక్క తావు బ్రిటిష్ లైబ్రరీలో మెకంజీ బొమ్మల సంపుటం. అందులో ఉన్న రాళ్లలో కొన్ని ఆ తర్వాత ఏ మ్యూజియంలోనూ తేలలేదు, సున్నమైపోయాయో, ఏ పునాదిలో పడ్డాయో. వాటి ఉనికికి ఆ గీతలే సాక్ష్యం. ఆక్స్‌ఫర్డ్‌లో చర్చి గ్రంథాలయమైతే గోడలు నిలిచాయి. ఇక్కడ గోడలు పోయి, చైత్యం కాగితమై గ్రంథాలయంలో అరమీదికెక్కింది. ఆ కాగితానికీ భద్రత అంతంతే. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఆ లైబ్రరీ కంప్యూటర్లన్నీ మూగబోయాయి. నెలల తరబడి అందులోని ప్రాచీన పత్రాల డిజిటల్ ప్రతులు లోకానికి అందలేదు.

విధికుడు చెక్కించిన పూర్ణఘటం వంటిదే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాజముద్ర. 2018లో ప్రభుత్వం అమరావతి శిల్పాన్ని చూసి దాన్ని ఎంచుకుంది. రాజధానికి ఆ పేరు పెట్టుకున్నాం. ఉత్తరాల మీద, బోర్డుల మీద, మంత్రుల కార్ల మీద ఆ కుండ కనిపిస్తోంది. దాని పుట్టిల్లు ఎలా ఉండేదో చూపించే పుస్తకం తెలుగులో ఒక పల్లె పిల్లాడి చేతికి అందదు.

రాళ్లు వెనక్కి రావాలని కొందరు అడుగుతున్నారు, అడగనివ్వండి. అది రాజ్యాల మధ్య తగవు, ఎప్పటికి తేలుతుందో. అంతకంటే చిన్న కోరిక ఒకటుంది. మెకంజీ గీయించిన 85 చిత్రాలనూ తెలుగు వివరణతో, ఒక్కో బొమ్మ కింద ఆ రాయి ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో, లేకపోతే లేదనో రాసి, ఒకే పుస్తకంగా అచ్చువేసి గుంటూరు, ఒంగోలు జిల్లా గ్రంథాలయాల్లోనూ, అమరావతి శాఖా గ్రంథాలయంలోనూ పెట్టాలి. డబ్బు ఎక్కడిదని అడిగితే జవాబుంది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఏటా కలిపి వసూలు చేస్తున్నారు. ఈసారి పన్ను రసీదు చేతికొచ్చినప్పుడు ఆ గడి చూసి, మీ జిల్లా గ్రంథాలయ సంస్థకు ఈ పుస్తకం కావాలని ఒక ఉత్తరం రాయండి.